అటకమీది తెలుగు, యంత్రంలోని తెలుగు

(బెంగళూరులో జరిగిన తెలుగువారి కూటమిలో చేసిన ప్రసంగ పాఠం)



భాషోద్యమ సభలో ఇల్లు సర్దుకోవడం గురించి మాట్లాడతానన్నప్పుడు నిర్వాహకులు కాసేపు నా ముఖంలోకి చూశారు. బడిలో తెలుగు, పాలనలో తెలుగు, న్యాయస్థానంలో తెలుగు అన్న విషయాలమీద నాకంటే సమర్థంగా మాట్లాడగలవారు ఈ వేదికమీదే ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేసినవాణ్ణి. కాగితాలను వరుసలో పెట్టడం, పోయినవాటిని వెదకడం తప్ప నాకు వేరే విద్య లేదు. ఆ విద్యకూ మనం పోరాడుతున్న విషయానికీ ఉన్న సంబంధాన్నే ఈ పూట మీ ముందు పెడతాను.

2011 జనగణనలో కర్ణాటక రాష్ట్రంలో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 35 లక్షలకు పైబడి ఉన్నారు. అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందే ఏర్పాటు చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉంది. ఈ రెండు విషయాలనూ మన వినతిపత్రాలన్నిటిలోనూ రాస్తుంటాం. కాని ఈ లక్షలమంది ఏం రాసుకున్నారు, ఏం చదువుకున్నారు, పొద్దుటి పద్దులు ఏ మాటలతో వేసుకున్నారు అని ఎవరైనా అడిగితే చూపించడానికి మన దగ్గర ఏముంది? గుంటూరులోనో వరంగల్లులోనో ఒక ఇంటి పుస్తకాలు పోతే, అవే పుస్తకాలు ఊరి గ్రంథాలయంలోనో పొరుగింటిలోనో దొరికే అవకాశం కొంతైనా ఉంటుంది. బెంగళూరు తెలుగు కుటుంబం రాసుకున్న కాగితానికి రెండో ప్రతి ఎక్కడా ఉండదు. అది ఆ ఇంటి అటకమీదే ఉంటుంది, లేదా పాతకాగితాల అంగడిలో తక్కెడలో ఉంటుంది.

ఈ నగరంలో అద్దె ఒప్పందం పదకొండు నెలలకు రాసుకుంటారు. ఇల్లు మారినప్పుడల్లా ఇంట్లో ఒక పెట్టె తగ్గుతుంది. ఆ తగ్గే పెట్టె బట్టలదీ కాదు, గిన్నెలదీ కాదు. అది ఎప్పుడూ కాగితాల పెట్టే అవుతుంది. ఎందుకంటే ఇంట్లో దాన్ని తెరిచి చదవగలవారు ఒక్కరే మిగిలి ఉంటారు, వారి మాట ఆ ఇంట్లో అప్పటికే చెల్లుబాటు కావడం మానేసి ఉంటుంది.

మన పాత ఇళ్ళలో వస్తువు దాచుకునే ప్రతి చోటికీ ఒక పేరుండేది. అటక, గూడు, ఉట్టి, దండెం, చిలక్కొయ్య, గాదె, పాతర, గరిసె, భోషాణం, సందుగ, కావడిపెట్టె. కుండలను ఒకదానిమీద ఒకటి పేర్చితే దాన్ని దొంతి అన్నారు. ఏది ఎక్కడుండాలో ఆ మాటే చెప్పేది. ఉట్టిమీద పెట్టేది గాదెలో పోయరు, సందుగలో దాచేది గూట్లో పెట్టరు. ఇప్పుడు ఫ్లాటులో వీటన్నిటికీ కలిపి లాఫ్ట్ అనీ వార్డ్‌రోబ్ అనీ రెండు మాటలు మిగిలాయి. ఇంగ్లీషు మాట వచ్చిందన్న బాధకంటే, పదకొండు రకాల చోట్లు పోయి రెండే మిగిలినందువల్ల అన్నీ కలగాపులగమైపోయాయన్నది నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. కంప్యూటరులోనూ ఇదే జరుగుతోంది. అందులో మనందరికీ ఉన్నవి రెండే చోట్లు: డెస్క్‌టాప్ ఒకటి, డౌన్‌లోడ్స్ ఒకటి.

సరే, అటకమీద ఏముంటాయి? ఈ నగరంలో గత కొన్నేళ్ళుగా తెలిసినవారి ఇళ్ళలో కాగితాలు సర్దిపెట్టే పనిలో చెయ్యి వేస్తున్నాను కనుక చెప్పగలను. కార్డులు, ఇన్‌లాండు కవర్లు ఒక తీగకు గుచ్చి ఉంటాయి. బైండు చేయించిన చందమామలు, అట్టలు ఊడిన యువలు, అదృష్టం బాగుంటే నాలుగైదు భారతి సంచికలు ఉంటాయి. శుభలేఖలు, జాతకచక్రాలు, రామకోటి పుస్తకాలు, దస్తావేజుల నకళ్ళు ఉంటాయి. పంచాంగాల అంచుల్లో పాలవాడి లెక్కలు, పురుళ్ళు, చావులు రాసి ఉంటాయి. పేరంటంలో పాడే పాటలను ఇంటి ఆడవారు రాసుకున్న నోటుపుస్తకాలు ఉంటాయి. ఇంట్లోవారు అన్నిటికంటే ముందు పారేసేవి ఈ నోటుపుస్తకాలే. అచ్చయిన పుస్తకానికి ఉండే గౌరవం బలపం పట్టిన చేతిరాతకు మన ఇళ్ళలో ఇంకా రాలేదు.

వీటికితోడు, ఈ నగరానికీ కోలారు, హొసూరు ప్రాంతాలకూ ప్రత్యేకమైన కాగితం ఒకటి ఉంది. భాష తెలుగు, లిపి కన్నడం. కన్నడ బడిలో చదువుకొని, ఇంట్లో తెలుగు మాట్లాడే మన తాతలు, అవ్వలు తమకు వచ్చిన అక్షరాలతో తమ మాటను రాసుకున్నారు. ఇలాంటి పద్దుపుస్తకాన్ని తెలుగు గ్రంథాలయానికి తీసుకువెళితే ఇది కన్నడం అంటారు. కన్నడంవారికి చూపితే చదివి, అర్థంకాక, తిరిగి ఇచ్చేస్తారు. ఏ పట్టికలోనూ ఇది చేరదు. తెలుగు ప్రజలు లిపి లేకుండా కూడా భాషను ఎట్లా నిలుపుకున్నారో చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం నాకు తెలియదు. ఆ ఆధారం కిలోల లెక్కన పోతోంది.

బసవనగుడివైపు ఒక ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఉన్నారు. ఆమె కొడుకుకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మనుమరాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆమెకు తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. ఇల్లు పడగొట్టి అంతస్తులు కట్టాలని నిర్ణయించుకుని, ట్రంకుపెట్టెలు బయటపెట్టారు. ఆ పిల్లే నన్ను పిలిపించింది. “అవ్వ ఇవి పారేయొద్దని ఏడుస్తోంది తాతగారూ, ఇందులో ఏముందో మాకు తెలియదు” అన్నది. నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. ఒక్కొక్క కాగితం అవ్వ చేతికిస్తే ఆమె చదివి, ఇది ఎవరు రాసింది, ఎందుకు రాసింది చెప్పేవారు. పిల్ల ఫోనులో ఆ మాట రికార్డు చేసి, కవరుమీద వరుస సంఖ్య వేసేది. పేర్లు రాయాల్సివచ్చినప్పుడు కన్నడ అక్షరాల్లో రాసుకున్నది. మూడో ఆదివారానికి నా దగ్గర ఒత్తులు అడిగి తెలుగులో రాయడం మొదలుపెట్టింది. ఆ ఇంటి ఫోటోలలో సగానికి పైగా మనుషుల పేర్లు అవ్వకు తప్ప భూమ్మీద ఎవరికీ తెలియవు. అందువల్ల నేను ప్రతి ఇంట్లోనూ మొదట చెప్పే మాట ఇది: పుస్తకాలు తరువాత చూసుకోవచ్చు, అవి ఎక్కడికీ పోవు. ముందు ఫోటోలు, ఉత్తరాలు తీయండి. వాటి తాళపుచెవి ఒక మనిషి జ్ఞాపకంలో ఉంది, ఆ మనిషి వయసు ఎనభై నాలుగు.

వరుస తెలియని సంపద ఉన్నా లేనట్టే అన్న సంగతి మన సాహిత్య చరిత్ర మొత్తంలో కనిపిస్తుంది. నన్నెచోడుని కుమారసంభవం తంజావూరు సరస్వతీ మహలులోని తాళపత్రాల్లో పడి ఉంది. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో అచ్చువేయించేవరకు ఆ కవి పేరు తెలుగువారికి లేదు. మన పక్కనే మైసూరులో, 1891లో ఏర్పడిన ప్రాచ్య గ్రంథాలయానికి ఒక పండితుడు ఇచ్చిన తాళపత్రాల్లోనుండే శామశాస్త్రిగారు 1905లో కౌటిల్యుని అర్థశాస్త్రాన్ని గుర్తించారు. ఆకులు దొరకడం ఒక ఎత్తు. అవి ఏమిటో ఒకరు కూర్చుని, చదివి, పట్టికలో రాయడం మరొక ఎత్తు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను చేసిన పనిలో ఎక్కువభాగం ఈ రెండోరకానిదే. పండితులకు జీతాలిచ్చి, ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్పించి, వేమన పద్యాలను ఏరి 1829లో అచ్చువేయించాడు. ఆయన ఇంట్లో జరిగినది ఒక విధంగా పెద్దయెత్తున ఇల్లు సర్దుకోవడమే. మనమంతా బ్రౌనుకు దండలు వేస్తున్నాం, మన అటక మాత్రం ఎక్కడం లేదు.

ఇక చేయవలసిన పని సంగతి. పెట్టె తెరిచినవెంటనే విషయాలవారీగా విడదీయాలని చేతులు ఉరుకుతాయి. అది వద్దు. దొరికిన వరుసను ముందు కాగితంమీద రాసుకోండి, వీలైతే ఫోటో తీసిపెట్టుకోండి. ఒక ఉత్తరం ఒక దస్తావేజు మడతలో ఉన్నదంటే దానికొక కారణం ఉంటుంది. ఆ ఉత్తరాన్ని తీసి ఉత్తరాల కట్టలో కలిపితే, ఆ పొలం ఎందుకు అమ్మారో చెప్పే సాక్ష్యాన్ని మనమే చెరిపివేసినట్టు. దస్త్రశాలలవారు ప్రపంచమంతటా పాటించే నియమం ఇది. గ్రంథాలయ పద్ధతికి ఇది భిన్నం. మా వృత్తిలోనివారే దీన్ని మరచిపోతుంటారు.

గుండుసూదులు, తీగలు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. తుప్పు కాగితాన్ని తింటుంది, రబ్బరు కరిగి అంటుకుంటుంది. చినిగినచోట సెల్లోటేపు వేయకండి, పదేళ్ళకు అది పసుపుపచ్చని మరకగా మిగులుతుంది. లామినేషను అసలే వద్దు. దస్తావేజులు లామినేషను చేయించి తెచ్చి నాకు సంతోషంగా చూపినవారు చాలామంది ఉన్నారు, వారిని ఏమనడానికీ నాకు నోరు రాలేదు. గుర్తులు పెన్సిలుతోనే వేయాలి, అదీ వెనుకవైపు అంచున. కలరా ఉండలు పురుగును ఆపుతాయి నిజమే, కాని వాటి ఆవిరి పిల్లలకు మంచిది కాదు, పడకగదిలో పెట్టకండి. పెద్దలు తాళపత్రాల దగ్గర వసకొమ్ము, వేపాకు పెట్టేవారు. ఇవన్నీ ఎన్ని చేసినా, నెలకొకసారి పెట్టె తెరిచి గాలి ఆడనివ్వడాన్ని మించిన మందు లేదు. తెరిచి చూసే ఇంట్లో చెద పట్టదు.

పెట్టె ఎక్కడుండాలన్నది మరో ప్రశ్న. మన ఫ్లాటుల్లో లాఫ్ట్ సాధారణంగా స్నానాలగది మీద ఉంటుంది. కాగితానికి అంతకంటే చెడ్డచోటు ఇంట్లో మరొకటి లేదు. నేలమీదా పెట్టకూడదు. 2000 ఆగస్టులో హైదరాబాదులో వానలకు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీళ్ళు వచ్చి ఎన్నో విలువైన పుస్తకాలు తడిసిపోయాయి. అంత శ్రద్ధగా నడిచే సంస్థకే అట్లా జరిగింది. నడుమెత్తున, లోపలిగోడకు, ఇనుప బీరువాలో రెండు అరలు. ఇల్లు ఎంత చిన్నదైనా రెండు అరలు ఇవ్వగలదు. ఏటా కొనే బూట్లకు ఇస్తూనే ఉన్నాం కదా.

ఇంతవరకు చెప్పినది కాగితం కథ. యంత్రం కథ నాకు ఇంకా ఎక్కువ దిగులు కలిగిస్తుంది. కాగితం నూరేళ్ళు మరచిపోయినా మళ్ళీ తెరిస్తే చదవవచ్చు. కంప్యూటరులో దాచిన తెలుగు ఇరవై ఏళ్ళకే చదవడానికి వీలులేకుండా పోతోంది.

1990లలోనూ 2000లలోనూ మన పత్రికలు, పుస్తకాలు, కరపత్రాలు చాలావరకు అను, శ్రీలిపి, ఆకృతి వంటి ఖతులతో పేజ్‌మేకరులో కూర్చినవి. ఆ దస్త్రాలలో నిజానికి తెలుగు లేదు. రోమను అక్షరాలకూ చిహ్నాలకూ ఉన్న సంకేతాలమీద తెలుగు బొమ్మలు తొడిగారు. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే కనిపించేది పిచ్చిగీతలే. పేజ్‌మేకరు చివరి రూపాంతరం 2001లో వచ్చింది, ఆ తరువాత దాన్ని చేసినవారే వదిలివేశారు. ఈలోగా యూనికోడు ప్రమాణంలో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది, 2006లో లేఖిని వచ్చింది. అయినా ముద్రణాలయాల అలవాటు చాలా ఏళ్ళు మారలేదు. నాకు తెలిసిన ఒక సాహిత్య సంస్థ ఇరవై ఏళ్ళ సంచికలను సీడీలలో భద్రంగా దాచింది, పెట్టెమీద అందంగా పేర్లు కూడా అంటించింది. ఇప్పుడు ఆ సీడీలు పెట్టడానికి కొత్త ల్యాపుటాపులకు అర లేదు. పాత యంత్రం వెదికి పెడితే సగం తెరుచుకోలేదు. తెరుచుకున్నవాటిలో తెలుగు లేదు.

మీలో రచయితలు, పత్రికలు నడిపినవారు ఉన్నారు. మీ దగ్గర అట్టి దస్త్రాలు ఉంటే ఈ ఏడాదే మూడు పనులు చేయండి. మూల దస్త్రాన్ని ఉన్నదున్నట్టుగా ఉంచండి. ఆ ఖతి పనిచేసే యంత్రం దొరికినప్పుడే దాన్ని పీడీఎఫ్‌గా మార్చండి, అప్పుడు కంటికి కనిపించే రూపమైనా దక్కుతుంది. ఆపైన యూనికోడులోకి మార్చిన పాఠాన్ని విడిగా దాచండి. మార్చే సాధనాలు ఉన్నాయి, కాని వత్తులు, సున్నలు, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర తడబడతాయి. మనిషి కూర్చుని సరిచూడక తప్పదు. ఇదే మన యువకులకు అప్పగించదగిన పని. బడిలో తెలుగు చదవని పిల్లలు కూడా రెండు నెలలు ఈ పనిమీద కూర్చుంటే చదవడం వస్తుంది.

పేర్లు పెట్టకుండా దాచితే ఏమవుతుందో తెలుసుకోవడానికి మన నగరంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2000ల తొలి ఏళ్ళలో ఇక్కడి భారతీయ విజ్ఞాన సంస్థ కేంద్రంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సాగింది. పది లక్షల పుస్తకాలను స్కాను చేయాలన్న ప్రపంచవ్యాప్త ఆలోచనలో అది భాగం. దాని వెనుక ఉన్నది కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు రాజ్ రెడ్డిగారు. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న మనవారు. వేలాది తెలుగు పుస్తకాలు ఆ విధంగా స్కాను అయ్యాయి. వాటిలో చాలా వాటికి మరో ప్రతి దొరకదు. ఆ శ్రమకు చేతులెత్తి నమస్కరిస్తాను. కాని పుస్తకాల పేర్లు రోమను లిపిలో, దీర్ఘానికి రెండు అచ్చులు వేసి ఒకచోట, ఒకే అచ్చుతో మరొకచోట, రచయిత పేరు ఉండవలసినచోట మరేదో, ఇట్లా నమోదయ్యాయి. తెలుగు లిపిలో పేరు కొట్టి వెదికే తెలుగువాడికి తెలుగు పుస్తకం దొరకలేదు. పుస్తకం ఉన్నది, దాని దగ్గరికి దారి లేదు. 2014లో తెలుగు వికీపీడియా కార్యకర్తలు కూర్చుని ఆ తెలుగు పుస్తకాల పేర్లను తెలుగులో పట్టికలుగా రాయడం మొదలుపెట్టారు. తరువాత ఆ వెబ్‌సైటే అందకుండాపోయింది. అంతకుముందే లక్షల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి కనుక బతికిపోయాం. జీతం లేని కొద్దిమంది చేసిన పట్టికపని ఎంత విలువైనదో ఆ తరువాత అందరికీ తెలిసింది.

ఇదే నగరంనుండి నడిచిన మనసు ఫౌండేషన్ పనిని దీని పక్కన పెట్టి చూడండి. రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు, జాషువా వంటివారి రచనలను వెదికి, ఏర్చి, సంపుటాలుగా తెచ్చారు. 2012లో గురజాడ లభ్య రచనలన్నిటినీ గురుజాడలు పేరుతో ఒక్కచోటికి చేర్చారు. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో ప్రారంభించిన కథానిలయంలోని పత్రికలను, పుస్తకాలను స్కాను చేసే పనిలోనూ పాలుపంచుకున్నారు. కథానిలయం వెబ్‌సైటులో ఒక కథ ఏ పత్రికలో, ఏ తేదీన వచ్చిందో తెలుసుకోవచ్చు. కథ, రచయిత, పత్రిక, తేదీ అన్న నాలుగు గడులు సరిగా నింపితే అటక గ్రంథాలయమవుతుంది.

ఇంట్లోని కంప్యూటరుకు వస్తే, దస్త్రాలకు తెలుగులోనే పేర్లు పెట్టాలని నేను పట్టుబడతాను. పెట్టవచ్చా అని ఇప్పటికీ కొందరు అడుగుతున్నారు. నిక్షేపంగా పెట్టవచ్చు. అయితే కొన్ని చిక్కులు తెలుసుకోవాలి. ఒకటి నిడివి. యూనికోడును దాచే వాడుక పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ‘రాష్ట్రం’ మన లెక్కలో రెండక్షరాలు. యంత్రం లెక్కలో గుణింతం, పొల్లులు, సున్న కలిపి ఎనిమిది సంకేతాలు, ఇరవై నాలుగు బైట్లు. లినక్సు వంటి వ్యవస్థలలో ఒక దస్త్రం పేరు 255 బైట్లకు మించకూడదు, అంటే 85 సంకేతాలు. విండోస్‌లో సంకేతాల లెక్క కనుక అక్కడ పొడుగు పేరు పడుతుంది, మరొకచోటికి నకలు తీసేటప్పుడు మొరాయిస్తుంది. తప్పు తెలుగుది కాదు, పేరును వాక్యంగా రాసిన మనది. ముందు తేదీ, తరువాత మనిషి, తరువాత విషయం: ‘1968-04-12 నాన్న ఉత్తరం పెనుకొండ’. ఏడాది, నెల, రోజు అన్న వరుసలో రాస్తే యంత్రమే కాలక్రమంలో పేర్చిపెడుతుంది. నెలకు, రోజుకు రెండేసి అంకెలు తప్పనిసరి. అంకెలు ఒకచోట తెలుగువి, మరోచోట వాడుక అంకెలు రాస్తే వరుస చెడుతుంది. తెలుగు అంకెలమీద నాకూ ప్రేమ ఉంది, ఏదో ఒకటే వాడండి అంటున్నాను.

రెండవది కనిపించని గుర్తు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట కింద పొల్లు నిలవడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక సంకేతం చేరుతుంది. ఒక దస్త్రంలో అది ఉండి, మరొకదానిలో లేకపోతే చాలా సాధనాలలో వెదుకులాట ఫలించదు. బెంగళూరు, బెంగుళూరు, బెంగలూరు అని మూడు తీరుల రాసినా అంతే. ఇంటికి ఒక చిన్న పట్టిక రాసుకోండి, ఏ ఊరి పేరు, ఏ మనిషి పేరు ఎట్లా రాయాలని నిర్ణయించుకుని గోడకు అంటించండి. ఇక మూడవది అక్షరక్రమం. యూనికోడు సంఖ్యల వరుసలో ళ అన్నది ల పక్కన, వ కంటే ముందు ఉంది. పెద్దబాలశిక్షలో అది హ తరువాత వస్తుంది. సంఖ్యలవరుసనే పాటించే సాధనాలలో మీ పట్టిక కొంచెం తేడాగా కనబడితే కంగారుపడకండి. మన అక్షరక్రమాన్ని గౌరవించమని సాధనాలు చేసేవారిని అడగవలసిన హక్కు మాత్రం మనకుంది. ఇప్పటిదాకా ఇటువంటి చిన్నవిషయాలు మన తీర్మానాలలో చేరలేదు.

ఫైలు, ఫోల్డరు అన్న మాటల గురించి ఎవరో తప్పక అడుగుతారు కనుక నేనే చెబుతాను. దస్త్రం అన్నది పారసీకంనుండి వచ్చి మనదైపోయింది, ఫైలూ అట్లాగే అవుతోంది. ఏ మాటయినా వాడుకోండి. ఫోల్డరుకు ‘అర’ అన్న మాట నాకు ఇష్టం. పిల్లలకు చెబితే వెంటనే బోధపడింది. కాని అర పేరు కోసం కొట్లాడి, అర ఖాళీగా వదిలేసేవారిని చాలామందిని చూశాను.

అరలు ఎన్ని ఉండాలంటే, తక్కువ. మనిషిపేరుతో ఒకటి, దానిలో ఏడాదులు, అంతే. అరలో అర, దానిలో మరో అర పెట్టుకుంటూ పోతే ఆ లోతులోకి మీరు తప్ప ఎవరూ దిగలేరు. మొత్తంమీద అరలన్నిటికీ ఒక పట్టిక, సాదా పాఠంగా, ‘ముందు ఇది చదవండి’ అన్న పేరుతో పైన ఉండాలి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలమీద, వాటిలో ఒకటి వేరే ఇంట్లో. ఇది ఫోటోగ్రాఫర్లు పాటించే పాత నియమం, పల్లెల్లో విత్తనం దాచిన పద్ధతి కూడా దాదాపు ఇదే. పెన్‌డ్రైవు ఒక్కదాన్ని నమ్మకండి. మబ్బులో ఉన్నాయిలే అని కూడా నిశ్చింతగా ఉండకండి. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించింది. తాతగారు పోయాక ఆయన ఖాతా ఎవరూ తెరవకపోతే ఆయన ఫోటోలు, రాతలు, గొంతు ఏమవుతాయో ఆలోచించండి. ఖాతా వివరాలు ఒక కాగితంమీద రాసి, దస్తావేజుల కట్టలో పెట్టండి. పొలం పాసుపుస్తకం ఎక్కడుందో పిల్లలకు చెబుతాం, దీనినీ అట్లాగే చెప్పాలి.

వాట్సాప్ గురించి ఒక్కమాట. ఈనాటి తెలుగు రాత అంతా అక్కడే జరుగుతోంది. వదినా మరదళ్ళు వంటలు రాసుకుంటారు, మేనమామలు పద్యాలు పంపుతారు, ఎనభై ఏళ్ళవారు నొక్కి మాట్లాడి పంపుతారు. ఆ గొంతు సందేశాలలో ఉన్న బెంగళూరు తెలుగు మరే పుస్తకంలోనూ లేదు. ఫోను మారిన రోజున అవన్నీ పోతాయి. శుభోదయం బొమ్మలు వందలకొద్దీ తీసేయండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ గొంతులను మాత్రం పేరు, తేదీ పెట్టి బయటికి తీసి దాచండి.

స్కాను చేశాక అసలు కాగితం ఎందుకు, ఇల్లు ఇరుకు అనేవారు ఉన్నారు. ఈ విషయంలో నాకు రాజీ లేదు. స్కాను చదువుకోవడానికి పనికివస్తుంది. కాగితం సాక్ష్యంగా నిలుస్తుంది. అచ్చు పుస్తకాలలో, ఎక్కడైనా దొరికేవి అయితే, ఇచ్చివేయండి, అవెన్యూ రోడ్డు పాతపుస్తకాల దుకాణాలలో ఎవరికో ఒకరికి అందుతాయి. చేతిరాతను ఇవ్వకండి.

ఈ కూటమికి నాదొక సూచన ఉంది. మనలో తెలుగు లిపి చదవగలిగి, వారానికి ఒక పూట తీరిక ఉన్నవారు పదిమంది పేర్లు ఇస్తే చాలు. ఇల్లు మారుతున్నామనో, పెద్దలు పోయారనో కబురు వచ్చిన ఇంటికి ఇద్దరిద్దరుగా వెళదాం. కన్నడ లిపి వచ్చినవారు వారిలో ఒకరుండాలి. కాగితాలు మన ఇంటికి తెచ్చుకోవడం ఉండదు. ఆ ఇంట్లోనే, ఆ ఇంటివారి ఎదుట, వారి పిల్లలచేతనే పట్టిక రాయిస్తాం. అట్టపెట్టెలు, పెన్సిళ్ళు నేను తెస్తాను. పాతకాగితాలవాణ్ణి పిలిచాక కాకుండా, పిలవడానికి ఒక వారం ముందు కబురు చేయండి. పేర్లు రాసుకునే పుస్తకం తలుపు పక్కన బల్లమీద ఉంది.